‘పికప్ యూ’ ఎందుకు తప్పు? ‘పిక్ అప్’ వాడకం గురించి వివరంగా

మీ ప్రశ్నలో రెండు విషయాలున్నాయి. అమెరికా నుంచి హైదరాబాద్ వస్తున్న మేనేజర్‌కు మీరు ‘ఐ విల్ పికప్ యూ ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్’ అని మెసేజ్ పెడితే, పక్క సీట్లోని కొలీగ్ చూసి ‘పిక్ యూ అప్’ అనాలి అన్నారు. గ్రామర్ పుస్తకంలోనేమో ‘పిక్ అప్ ద బాక్స్’ అని ఉంది. బాక్సుకు ఒక రూలు, మనిషికి ఇంకో రూలా అన్నది మీ మొదటి సందేహం. ‘హి డిడ్ నాట్ లిఫ్ట్ మై కాల్’ అన్నప్పుడు కూడా ఆయనే దిద్దారు, అది నిజంగా తప్పేనా అన్నది రెండోది.

రెండు చోట్లా ఆయన సరిగ్గానే చెప్పారు. అయితే కారణం తెలియకుండా దిద్దుకుంటే ఆ ఒక్క వాక్యమే బాగుపడుతుంది. రేపు ఇంకో వాక్యంలో అదే తప్పు మళ్లీ వస్తుంది. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

చాలా ఏళ్లుగా స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈ క్రియ విషయంలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ‘పిక్ అప్’ తెలియక మనవాళ్లు తప్పు మాట్లాడటం లేదు. అది ఎప్పుడో తెలుగు మాటైపోయింది, చిక్కంతా అక్కడే. ‘స్టేషన్ దగ్గర పికప్ చేసుకుంటా’, ‘క్యాబ్ పికప్ పాయింట్ ఎక్కడ?’, ‘ఈ బండికి పికప్ లేదు’, ‘సెకండాఫ్‌లో సినిమా పికప్ అయింది’ అని రోజూ అంటాం. ఇన్నిటిలో ‘పికప్’ అన్నది విడదీయడానికి వీల్లేని ఒకే ముద్ద, పైగా నామవాచకం. క్రియ పనంతా మన ‘చేయు’, ‘అవు’ చూసుకుంటాయి. ఇంగ్లిష్‌లో అలా కాదు. అక్కడ ‘పిక్’ క్రియ, ‘అప్’ దాని పక్కన నిలబడ్డ వేరే మాట. రెంటి మధ్య ఖాళీ ఉంది, ఆ ఖాళీలోకి ఇంకో మాట వచ్చి కూర్చోగలదు. తెలుగు ముద్దను అలాగే ఇంగ్లిష్ వాక్యంలో పెట్టేస్తే ఆ ఖాళీ మూసుకుపోతుంది.

మన తప్పులు చూడండి, అన్నీ ఈ ఒక్క చోటు నుంచే వస్తాయి. ‘ఐ విల్ పికప్ యూ’ అంటాం. భూతకాలం కావాలంటే ముద్ద చివర ‘డ్’ తగిలించి ‘ఐ పికప్డ్ హిమ్’ అంటాం. జరుగుతున్న పనికి ‘ఐ యామ్ పికప్పింగ్ హర్’. వ్యాపారం పికప్ అయింది అనడానికి ‘బిజినెస్ ఈజ్ పికప్డ్’. ఇంకొందరు ‘ఐ విల్ డూ యువర్ పికప్’ అని తెలుగు వాక్యాన్నే దింపేస్తారు. ఇవి నాలుగైదు వేర్వేరు తప్పులని, ఒక్కోదానికి ఒక్కో రూలు బట్టీ పట్టాలని అనుకోకండి. పిక్ వేరు, అప్ వేరు అని మనసులో పడితే చాలు. ‘పిక్డ్ హిమ్ అప్’, ‘పికింగ్ హర్ అప్’ అని కాలం గుర్తులు వాటంతటవే ‘పిక్’కు తగులుకుంటాయి. ‘అప్’ ఎప్పుడూ మారదు.

ఇప్పుడు బాక్సు సంగతి. ఇక్కడ తేడా బాక్సుకూ మనిషికీ మధ్య లేదు. పేరుకూ, పేరు బదులు వాడే సర్వనామానికీ మధ్య ఉంది. పేరు అయితే రెండు చోట్లా పెట్టవచ్చు. ‘పిక్ అప్ ద బాక్స్’ సరైనదే, ‘పిక్ ద బాక్స్ అప్’ కూడా సరైనదే. ‘పిక్ అప్ మై మదర్’, ‘పిక్ మై మదర్ అప్’ రెండూ అంటారు. మీ, యూ, హిమ్, హర్, ఇట్, అస్, దెమ్ వస్తే మాత్రం అవి మధ్యలోనే ఉండాలి. ‘పిక్ ఇట్ అప్’, ‘పిక్ హర్ అప్’, ‘పిక్ దెమ్ అప్’. కాబట్టి బాక్సును కూడా ‘ఇట్’ అన్నారంటే ‘పిక్ అప్ ఇట్’ తప్పే అవుతుంది.

ఎందుకిలా? ఇంగ్లిష్ వాక్యంలో బరువైన మాట, కొత్త సమాచారం చివరికి రావడానికి ఇష్టపడుతుంది. ‘ఇట్’, ‘హర్’ అన్నామంటే దేని గురించో, ఎవరి గురించో వినేవాళ్లకు ముందే తెలుసు. అందులో కొత్తేమీ లేదు, నొక్కి పలకాల్సిన పనీ లేదు. అలాంటి తేలిక మాటను చివర వదిలేస్తే వాక్యం కుంటినట్టు వినిపిస్తుంది. అందుకే దాన్ని మధ్యలోకి తోసి, నొక్కి పలికే ‘అప్’ను చివర ఉంచుతారు. ఇదే కారణం తిరగేసి కూడా పనిచేస్తుంది. వస్తువును చాలా మాటల్లో వర్ణించాల్సి వచ్చినప్పుడు, ఆ బరువంతా చివరికే పోవాలి. ‘నిన్న సెక్యూరిటీ డెస్క్ దగ్గర వదిలేసిన ల్యాప్‌టాప్ తీసుకురా’ అనడానికి ‘పిక్ అప్ ద ల్యాప్‌టాప్ ఐ లెఫ్ట్ ఎట్ ద సెక్యూరిటీ డెస్క్ యెస్టర్‌డే’ అనాలి. అంత పొడుగు మాటను మధ్యలో పెట్టి ఎక్కడో చివర ‘అప్’ అంటే, వినేవాళ్లు అప్పటికి ‘పిక్’ను మర్చిపోతారు.

సంథింగ్, ఎనీథింగ్ లాంటి వాటికి ఈ కట్టుబాటు లేదు. ‘ఐ విల్ పిక్ అప్ సంథింగ్ ఫర్ డిన్నర్’, ‘ఐ విల్ పిక్ సంథింగ్ అప్ ఫర్ డిన్నర్’ రెండూ సహజమే. ‘మిమ్మల్నీ మీ అమ్మగారినీ’ అనాలంటే ‘పిక్ యూ అండ్ యువర్ మదర్ అప్’ అనండి, ఏ ఇబ్బందీ ఉండదు.

మీ మెసేజ్‌ను ‘ఐ విల్ పిక్ యూ అప్ ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్’ అని మారిస్తే సరిపోతుంది. ‘ఫ్రమ్ ద ఎయిర్‌పోర్ట్’ అన్నా ‘ఎట్ ద ఎయిర్‌పోర్ట్’ అన్నా తప్పు లేదు. అంతా ఖాయమైపోయిన ఏర్పాటైతే ‘ఐ యామ్ పికింగ్ యూ అప్ ఎట్ సిక్స్’ అనడం ఇంకా సహజం. అన్నట్టు, రాతలో ఒక జాగ్రత్త ఉంది. క్రియగా వాడినప్పుడు ఎప్పుడూ రెండు మాటలుగానే రాయాలి. ‘పికప్ పాయింట్’, ‘పికప్ టైమ్’, ‘పికప్ ట్రక్’ లాంటి నామవాచకాలనే కలిపి రాస్తారు. బ్రిటిష్ వాళ్లు నామవాచకానికి మధ్యలో చిన్న గీత పెట్టడం కూడా కనిపిస్తుంది. ఉద్యోగ ఈమెయిళ్లలో క్రియను కలిపి రాసేయడం చాలా ఎక్కువగా చూస్తున్నాను, ఫోన్ కీబోర్డు కూడా దాన్ని ఎర్రగా చూపించదు.

పలకడంలో ఈ తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నామవాచకంలో మొదటి భాగం మీద ఒత్తు పడుతుంది. క్రియలో ‘అప్’ మీద పడుతుంది. మాటలు కూడా కలిసిపోతాయి. ‘పిక్ ఇట్ అప్’ వేగంగా అంటే ‘పికిటప్’ అవుతుంది. ‘పిక్ హర్ అప్’లో ‘హ’ జారిపోయి దాదాపు ‘పికరప్’ అని వినిపిస్తుంది. హల్లు మీదికి అచ్చు ఎక్కి కలిసిపోవడం మన నోటికి కొత్త కాదు, కాబట్టి ఒక రోజు సాధన చేస్తే వచ్చేస్తుంది. ‘పిక్డ్’ అని రాసి ఉన్నా పలికేది ‘పిక్ట్’. క, ప, స, చ లాంటి శ్వాసధ్వనుల (గొంతు కంపించకుండా పలికేవాటి) తర్వాత ఆ చివరి ‘డ్’ ఇంగ్లిష్‌లో ‘ట్’గా మారుతుంది. ‘పిక్కెడ్’ అని సాగదీయకండి. ‘ఐ పిక్ట్ ఇట్ అప్’ అంటే ‘ఐ పిక్టిటప్’ అని ఒకే ఊపులో రావాలి.

ఫోన్ విషయానికి వస్తాను. ‘ఫోన్ ఎత్తలేదు’ అన్న తెలుగు మాటకు ‘లిఫ్ట్’ తగిలించి ‘ఫోన్ లిఫ్ట్ చేయలేదు’ అని మనం అలవాటు పడ్డాం. మన దేశంలో ఎవరితో అన్నా అర్థమవుతుంది. బయటివాళ్లకు మాత్రం ‘లిఫ్ట్’ అంటే బరువైనదాన్ని పైకి లేపడం. వాళ్లు కూడా ఒకప్పుడు రిసీవర్‌ను పైకి ఎత్తి మాట్లాడినవాళ్లే, అందుకే వాళ్ల భాషలోనూ ఎత్తడమే నిలిచింది. కాకపోతే వాళ్లు ఎంచుకున్న మాట ‘పిక్ అప్’. ‘హి డిడ్ నాట్ పిక్ అప్’, ‘షి ఈజ్ నాట్ పికింగ్ అప్’ అంటే చాలు. వెనకాల ‘కాల్’, ‘ఫోన్’ అని చేర్చకపోయినా అర్థం పూర్తిగా వస్తుంది. చేర్చాలనుకుంటే ‘పిక్ అప్ ద ఫోన్’. ‘కాల్’ అన్న మాటే వాడాలనిపిస్తే ‘హి డిడ్ నాట్ ఆన్సర్ మై కాల్’ అన్నది అన్నిచోట్లా చెల్లుతుంది. ‘పిక్ మై కాల్’ మాత్రం వద్దు.

ఇక్కడే ‘కాల్ కట్ చేశాడు’ అన్నదాని గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఈ ఒక్క మాట మూడు వేర్వేరు సందర్భాలను మోస్తుంది. మాట్లాడుతుండగానే టప్పున పెట్టేస్తే ‘హి హంగ్ అప్ ఆన్ మీ’. రింగవుతుండగానే వద్దని నొక్కేస్తే ‘హి డిక్లైన్డ్ మై కాల్’. సిగ్నల్ పోయి దానంతట అదే ఆగిపోతే ‘ద కాల్ డ్రాప్డ్’ లేదా ‘వి గాట్ కట్ ఆఫ్’. క్లయింట్‌తో మాట్లాడేటప్పుడు ఈ తేడా నిజంగా ముఖ్యం. నెట్‌వర్క్ పోయినందుకు ‘యూ కట్ మై కాల్’ అన్నామంటే ఎదుటి మనిషి మీద నింద వేసినట్టు అవుతుంది.

మనుషుల్ని తీసుకెళ్లడం, దింపడం దగ్గర కూడా కొన్ని చిక్కులున్నాయి. ‘పిక్ మీ ఎట్ ఫైవ్’ అని రాసేవాళ్లు చాలామంది. ‘అప్’ లేకపోతే ‘పిక్’ అంటే ఎంచుకోవడం లేదా కోయడం. ‘పిక్ మీ’ అంటే ‘నన్ను సెలెక్ట్ చేయండి’ అని. ఈ తేడాకు మామిడితోట మంచి ఉదాహరణ. చెట్టు మీది కాయలు కోస్తే ‘పిక్ మ్యాంగోస్’. గాలికి రాలి కింద పడ్డవి ఏరితే ‘పిక్ అప్ మ్యాంగోస్’. వస్తూ వస్తూ బజారులో రెండు కిలోలు కొనుక్కొచ్చినా ‘పిక్ అప్ సమ్ మ్యాంగోస్’ అనే అంటారు. ఈ చివరి వాడకం మనవాళ్ల నోట అసలు వినిపించదు, కానీ అమెరికాలో, ఇంగ్లండ్‌లో రోజూ వినిపిస్తుంది. దారిలో పాలు, కూరగాయలు, మందులు తీసుకుని రావడానికి వాళ్లకు మొదట నోటికి వచ్చే మాట ఇదే. ‘కెన్ యూ పిక్ అప్ సమ్ మిల్క్ ఆన్ యువర్ వే హోమ్?’, ‘ఐ హావ్ టు పిక్ అప్ మై ప్రిస్క్రిప్షన్’ అన్నవి అక్కడి జీవితంలో మొదటి వారంలోనే చెవిన పడతాయి. డబ్బు ముందే కట్టేసి సరుకు తీసుకోవడానికి వెళ్లినా ఇదే క్రియ, వెళ్లి అక్కడే కొన్నా ఇదే క్రియ.

పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు కూడా ఇది వెంటనే అవసరపడుతుంది. అక్కడి స్కూళ్లలో సాయంత్రం కార్లు వరసగా నిలబడతాయి. పిల్లాణ్ని ఇవాళ ఎవరు తీసుకెళ్తారో, ఎవరికి అనుమతి ఉందో స్కూలు వాళ్లు చూసుకుంటారు. ‘హూ ఈజ్ పికింగ్ హిమ్ అప్ టుడే?’ అని అడిగితే ‘ఐ యామ్ పికింగ్ హిమ్ అప్. ఐ యామ్ హిజ్ గ్రాండ్‌ఫాదర్’ అని చెప్పగలిగితే చాలు. కొత్త దేశంలో తడబడకుండా మనవణ్ని ఇంటికి తెచ్చుకోగలిగిన తాతయ్యకు ఎంత ధైర్యం వస్తుందో అలాంటివాళ్లకు పాఠం చెప్పినప్పుడు చూశాను. అందుకే ఈ వాక్యాన్ని పెద్దవాళ్లకు తప్పకుండా నేర్పిస్తాను.

దీనికి జంట ‘డ్రాప్ ఆఫ్’. మనం ‘డ్రాప్ చేస్తా’ అంటాం కాబట్టి ‘ఐ విల్ డ్రాప్ యూ’ అని ఆపేస్తాం. ఎక్కడ దింపుతామో చెబితే, అంటే ‘ఐ విల్ డ్రాప్ యూ ఎట్ ద మెట్రో’ అంటే, ఏ ఇబ్బందీ లేదు. చోటు చెప్పకపోతే ‘ఆఫ్’ ఉండాలి. ‘ఐ డ్రాప్డ్ ద బేబీ’ అని ఊరుకుంటే బిడ్డను చేతుల్లోంచి జారవిడిచారని అర్థం. ‘ఐ డ్రాప్డ్ ద బేబీ ఆఫ్ ఎట్ డేకేర్’ అనాలి. ‘స్టేషన్‌కు వచ్చి రిసీవ్ చేసుకుంటా’ అన్నదాన్ని కూడా ‘ఐ విల్ రిసీవ్ యూ’ అనకండి, అది రాయబారిని ఆహ్వానించినంత లాంఛనంగా ఉంటుంది. బండి తీసుకొస్తే ‘పిక్ యూ అప్’, ఉత్తినే వచ్చి కలిస్తే ‘మీట్ యూ ఎట్ ద స్టేషన్’. సాగనంపడానికి వెళ్తే ‘సీ యూ ఆఫ్’.

ఒక వాడకం దగ్గర మాత్రం జాగ్రత్త. ‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్ ఎట్ ఎ పార్టీ’ అంటే ముక్కూమొహం తెలియని అమ్మాయిని అక్కడే పరిచయం చేసుకుని, శారీరక సంబంధం ఉద్దేశంతో వెంట తీసుకెళ్లానని అర్థం వస్తుంది. తెలిసిన మనిషిని బండిలో తీసుకొచ్చామని చెప్పాలంటే ఆ మనిషి ఎవరో చెప్పండి, ‘ఫ్రమ్’ వాడండి. ‘ఐ పిక్డ్ మై కజిన్ అప్ ఫ్రమ్ ద పార్టీ’ అంటే ఏ అనుమానమూ ఉండదు. అలాగే ‘ద పోలీస్ పిక్డ్ హిమ్ అప్’ అంటే లిఫ్ట్ ఇచ్చారని కాదు, అదుపులోకి తీసుకున్నారని. ఇది మన ‘పోలీసులు ఎత్తుకెళ్లారు’కు బాగా దగ్గర.

మీరు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నానన్నారు కాబట్టి ఆఫీసు మీటింగుల్లో వచ్చే అర్థాలు మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తాయి. అక్కడ ‘పిక్ అప్’ అంటే ఏదీ పైకి ఎత్తరు. ‘కెన్ సమ్‌వన్ పిక్ దిస్ అప్?’ అని మేనేజర్ అడిగితే ఈ పని ఎవరు తీసుకుంటారు అని అర్థం. ‘ఐ కెన్ పిక్ ఇట్ అప్’ అన్నారంటే ఆ టికెట్, అంటే నమోదు చేసిన ఆ పని, ఇక మీదే. ‘లెట్స్ పిక్ దిస్ అప్ టుమారో’ అంటే ఇక్కడికి ఆపి, మిగతాది రేపు మాట్లాడుకుందాం అని. లంచ్ తర్వాత కూర్చుని ‘లెట్స్ పిక్ అప్ వేర్ వి లెఫ్ట్ ఆఫ్’ అంటే ఆపిన చోటు నుంచి మొదలుపెడదాం అని. మొదటిదాన్ని, రెండోదాన్ని కలగలిపి అర్థం చేసుకుని, వాయిదా వేసిన పనిని తనకే అప్పగించారనుకుని రాత్రంతా కూర్చుని చేసిన కుర్రాళ్లు నాకు తెలుసు. తేడా పట్టుకోవడానికి ‘టుమారో’, ‘ఆఫ్టర్ ద బ్రేక్’, ‘నెక్స్ట్ వీక్’ లాంటి కాలం మాట ఉందా అని వినండి. ఉంటే చాలావరకు కొనసాగించడమే. లేకుండా ‘హూ’, ‘సమ్‌వన్’ వినపడితే పని తీసుకోవడం. ఇంకా సందేహం ఉంటే ‘డు యూ వాంట్ మీ టు వర్క్ ఆన్ ఇట్?’ అని నేరుగా అడగండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఆన్‌లైన్ కాల్‌లో ‘యువర్ మైక్ ఈజ్ పికింగ్ అప్ ద ఫ్యాన్’ అంటే మీ మైకులోకి ఫ్యాన్ శబ్దం వస్తోందని. రేడియో, ఫోన్, మైకు లాంటివి సిగ్నల్‌ను, శబ్దాన్ని అందుకోవడానికి ఇదే క్రియ.

ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు నేను తప్పకుండా నేర్పే వాక్యం ‘ఐ పిక్ థింగ్స్ అప్ క్విక్లీ’. కొత్త విషయాన్ని ఎవరూ కూర్చోబెట్టి చెప్పకపోయినా చూసి, విని, చేస్తూ నేర్చేసుకుంటానని దాని భావం. హైదరాబాద్‌లో హిందీ ఎవరు నేర్పారు మనకు? ఆటోల్లో, దుకాణాల్లో వినీ వినీ వచ్చేసింది. ‘ఐ పిక్డ్ అప్ హిందీ ఇన్ హైదరాబాద్’ అంటే సరిగ్గా అదే. చెన్నైలో పనిచేసి తమిళం పట్టేసినా ఇదే మాట. ఏళ్ల తరబడి క్లాసులో కూర్చుని, పరీక్షలు రాసి నేర్చుకున్నదానికి మాత్రం ఇది సరిపోదు. ‘ఐ పిక్డ్ అప్ మెడిసిన్ ఇన్ కాలేజ్’ అంటే వైద్యాన్ని అలా గాలివాటంగా నేర్చేసుకున్నట్టు ఉంటుంది. అలాంటిచోట ‘స్టడీడ్’, ‘లెర్న్డ్’ వాడాలి. జలుబు విషయంలో కూడా ఇదే లెక్క. ‘ఐ పిక్డ్ అప్ ఎ కోల్డ్ ఆన్ ద ట్రెయిన్’ అంటే రైల్లో జలుబు అంటుకుంది. అంటుకునే జబ్బులకే ఇది. షుగరుకో బీపీకో వాడకూడదు.

వ్యాపారం పుంజుకోవడం, గాలి ఊపందుకోవడం, వేగం పెరగడం దగ్గర ఒక మెలిక ఉంది. ‘అమ్మకాలు పికప్ అయ్యాయి’లో ‘అయ్యాయి’ని చూసి ‘సేల్స్ ఆర్ పికప్డ్’ అంటారు. ఆ ‘అవు’ మన తెలుగు వ్యాకరణానికి కావాల్సినది, ఇంగ్లిష్‌కు అక్కర్లేదు. అక్కడ అమ్మకాలు తమంతట తామే ‘పిక్ అప్’ చేస్తాయి. ‘సేల్స్ పిక్డ్ అప్ బిఫోర్ దసరా’, ‘సేల్స్ ఆర్ పికింగ్ అప్’, ‘సేల్స్ హావ్ పిక్డ్ అప్’. మనం అనే రూపంలో ‘డ్’ను సరైన చోట పెట్టి ‘ఆర్ పిక్డ్ అప్’ అన్నా, వాటిని ఎవరో వచ్చి ఎత్తుకుపోతారన్నట్టు కర్మణి వాక్యం అయిపోతుంది. పార్సిల్‌కు అది సరిగ్గా నప్పుతుంది. ‘ద పార్సిల్ వాజ్ పిక్డ్ అప్ ఎట్ నూన్’ అంటే మధ్యాహ్నం వచ్చి తీసుకెళ్లారు అని. ఇక బండి పికప్ సంగతి: ‘దిస్ బైక్ హాజ్ గుడ్ పికప్’ అన్నది అమెరికాలో కూడా ఉన్న వాడకమే. మిగతా చోట్ల ‘యాక్సిలరేషన్’ అంటే అందరికీ తెలుస్తుంది.

‘పిక్ అప్ ద బిల్’ అంటే హోటల్లో బిల్లు తాను కట్టడం. ‘పిక్ అప్ ఆన్’ అంటే ఎదుటివాళ్లు పైకి చెప్పనిదాన్ని పసిగట్టడం. ‘పిక్ అప్ ఆఫ్టర్’ అంటే ఒకరు చిందరవందరగా పడేసినవి వెనకాలే సర్దడం. పిల్లలున్న ఇంట్లో అమ్మలు రోజంతా చేసే పని అదే. ‘పిక్ ఆన్’ వేరే క్రియ, దాని అర్థం ఒక్కణ్నే పట్టుకుని వేధించడం. వింటానికి దగ్గరగా ఉన్నా కలపకండి.

ఇన్ని అర్థాలు చూసి బెంగ పడొద్దు. మన భాషలోనే ఇలాంటి పద్ధతి ఉంది. ‘పడ్డాడు’ వేరు, ‘పడిపోయాడు’ వేరు. ‘తిన్నాడు’, ‘తినేశాడు’ ఒకటి కావు. ‘చెప్పాడు’కు ‘పెట్టు’ చేరి ‘చెప్పిపెట్టాడు’ అయితే అర్థమే మారిపోతుంది. రెండో క్రియ తన సొంత అర్థాన్ని కొంత వదులుకుని మొదటిదానికి కొత్త రంగు ఇస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని ‘అప్’, ‘ఆఫ్’, ‘ఆన్’, ‘అవుట్’ చేస్తాయి. తెలుగు నేర్చుకునే పరాయివాళ్లు ‘పోయాడు’ దగ్గర ఎంత తికమక పడతారో ఊహించండి. 1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లిష్ నిఘంటువు ముందుమాటలోనే ఇంగ్లిష్‌లోని ఈ జంట క్రియలు పరభాషల వారికి అన్నిటికంటే ఎక్కువ కష్టం పెడతాయని రాశారు. కాబట్టి ఇది మన ఒక్కరి చేతగానితనం కాదు. కానీ తప్పించుకోవడానికీ వీల్లేదు. పది కోట్ల మాటలతో కూర్చిన బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే ఇంగ్లిష్ వాడకాల సేకరణలో లెక్కించినప్పుడు ఈ రకం క్రియల్లో ‘పిక్ అప్’ ముందు వరసలోనే ఉంది. ఒక్కదాన్ని బాగా పట్టుకుంటే రోజుకు చాలాసార్లు పనికొచ్చే క్రియ ఇది.

సాధన ఎలా అంటే, పేర్లతో మొదలుపెట్టకండి. ‘పిక్ అప్ ద బాక్స్’తో మొదలుపెడితే పాత ముద్ద అలాగే ఉండిపోతుంది. సర్వనామాలతో మొదలుపెట్టండి. ‘పిక్ ఇట్ అప్, పిక్ దెమ్ అప్, పిక్ హర్ అప్, పిక్ అస్ అప్’ అని గట్టిగా, ‘అప్’ మీద ఒత్తుతో, నోరు అలవాటు పడేదాకా అనండి. తర్వాత కాలం మార్చండి: ‘ఐ పిక్డ్ ఇట్ అప్’, ‘ఐ యామ్ పికింగ్ ఇట్ అప్’, ‘ఐ హావ్ పిక్డ్ ఇట్ అప్’. తర్వాత ప్రశ్న, తర్వాత ‘కాదు’. ఆ తర్వాతే ‘ఇట్’ తీసేసి మీ ఇంటి వస్తువులు, మీ ఇంటి మనుషులు పెట్టండి. ఇలా రెండు వారాలు చేసినవాళ్లు మాట్లాడేటప్పుడు మళ్లీ ఆలోచించాల్సిన అవసరం రావడం లేదు, ఖాళీ దానంతట అదే తెరుచుకుంటోంది.

ఇదే చిక్కు ఉన్న వేరే మాటలు కూడా మీ ఆఫీసులోనే ఉన్నాయి. సెటప్, బ్యాకప్ రెండూ ఇలా తెలుగులో ముద్దకట్టినవే. ‘సెట్ ఇట్ అప్’, ‘బ్యాక్ ఇట్ అప్’ అనాలి. లాగిన్ మాత్రం వేరే రకం, ‘లాగిన్ ఇట్’ అనరు, ‘లాగ్ ఇన్ టు ఇట్’ అంటారు. అన్ని జంటలూ విడిపోవు కూడా. ‘లుక్ ఆఫ్టర్ హర్’ సరైనది, ‘లుక్ హర్ ఆఫ్టర్’ తప్పు. ‘పిక్ ఆన్ హిమ్’ కూడా విడిపోనిదే. ఏది విడిపోతుందో ఊహించే బదులు ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లాంగ్‌మన్ వాళ్ల లెర్నర్స్ నిఘంటువుల్లో చూడండి, ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. ‘ఎవరినైనా, దేన్నైనా’ అన్న మాటను వాళ్లు ఎక్కడ పెట్టారో గమనించండి. మధ్యలో ఉంటే విడిపోయే క్రియ, చివర మాత్రమే ఉంటే విడిపోనిది. కొన్నిటిలో రెండు వైపులా మొనలున్న బాణం గుర్తు ఉంటుంది, అంటే పేరు అయితే ఎటైనా పెట్టవచ్చని. సర్వనామం వస్తే అక్కడ కూడా మధ్యలోనే.